జబ్బు జాబితాలో లేకుంటే ఎమ్మెల్యే సంతకమే దిక్కు

సూర్యాపేట జిల్లా గరిడేపల్లిలో ఒకింట్లో పెద్ద జబ్బు బయటపడితే ముందుగా తేలాల్సింది ఏ ఊరు పోవాలన్నది. ఒకపక్క సూర్యాపేట ఉంది, అక్కడ 2019లో మొదలైన ప్రభుత్వ మెడికల్ కాలేజీ, దానికి అనుబంధంగా పెద్దాసుపత్రి. ఇంకోపక్క మిర్యాలగూడ, జిల్లా వేరైనా వడ్ల లారీలతో పాటు రోగులకూ అలవాటైన దారి. మరోపక్క కోదాడ, అది దాటితే విజయవాడ హైవే. ఊరు తేలకముందే మరో ప్రశ్న వస్తుంది. "ఇది ఆరోగ్యశ్రీల వస్తదా?"

వస్తుందంటే సగం బరువు దిగినట్టే. రాదంటే ఇంకో ప్రశ్న. "ఎమ్మెల్యే లెటర్ దొరుకుతదా?"

తెలంగాణలో ఆరోగ్య భద్రత ఎలా నడుస్తోందో ఈ రెండు ప్రశ్నలు చాలు చెప్పడానికి. మొదటి ప్రశ్నకు జవాబు ఒక జాబితాలో ఉంటుంది. ఏ జబ్బుకు, ఏ ఆపరేషన్‌కు, ఎంత ధర, ఏ ఆసుపత్రిలో అని రాసి ఉన్న జాబితా అది. ప్రస్తుతం అందులో 1,835 చికిత్సలున్నాయి. రెండో ప్రశ్నకు జవాబు ముఖ్యమంత్రి సహాయ నిధిలో ఉంటుంది. జాబితాలో లేనివాళ్లూ, జాబితాలో ఉన్నా ఆసుపత్రి చేర్చుకోనివాళ్లూ సొంత డబ్బు కట్టి, బిల్లులు పట్టుకుని, ప్రజాప్రతినిధి సిఫార్సుతో ఆ నిధికి దరఖాస్తు పెట్టుకుంటారు. నెలలు గడిచాక ఎమ్మెల్యే క్యాంపు ఆఫీసులో చెక్కు అందుకుంటారు.

రెండోదాని మీద ఎమ్మెల్యే సంతకం ఉంటుంది. మొదటిదాని మీద ఉండదు. ఒక్కొక్క రోగి కోసం సంతకం పెట్టే శాసనసభ్యుడు, రాష్ట్రమంతటికీ వర్తించే ఆ జాబితా మీద సభలో చేయెత్తిన సందర్భం లేదు. ఈ తిరకాసును సరిచేయడం ఎట్లా అన్నదే ఇప్పుడు ఆలోచించాల్సిన సంగతి.

163 నుంచి 163 దాకా

ఆరోగ్యశ్రీ పుట్టింది సహాయ నిధి క్యూలోంచే. 2004 మే నుంచి 2007 జూన్ దాకా ఉమ్మడి రాష్ట్ర ముఖ్యమంత్రి సహాయ నిధి నుంచి 55 వేలకు పైగా కేసుల్లో సుమారు 168 కోట్ల రూపాయలు వైద్యానికి వెళ్లాయి. గుండె, కిడ్నీ, క్యాన్సర్... వచ్చే దరఖాస్తులు మళ్లీ మళ్లీ అవే. ఒక్కొక్కరికి చెక్కు రాసే బదులు ఆ జబ్బులన్నిటినీ ఒక పథకం కిందికి తెస్తే పోలేదా అన్న ఆలోచనకు వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం రూపమిచ్చింది. 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో పథకం మొదలైంది. అప్పటి జాబితాలో ఉన్నవి 163. అదే ఏడాది డిసెంబరు 5న రెండో విడతలో నల్గొండ జిల్లా చేరింది. గరిడేపల్లి అప్పుడు నల్గొండ జిల్లాలోనిదే కాబట్టి ఈ మండలానికి ఆరోగ్యశ్రీ అప్పుడే వచ్చింది. 2008 జులై నాటికి రాష్ట్రమంతా పరుచుకుని, జాబితా 942కు పెరిగింది.

తెలంగాణ వచ్చాక చాలా ఏళ్లు 949 దగ్గరే నిలిచింది. 2021 మే నెలలో రాష్ట్రం కేంద్రప్రభుత్వ ఆయుష్మాన్ భారత్‌లో చేరింది. రెండు జాబితాలను కలిపి కుట్టుకునే క్రమంలో సంఖ్య 1,672కు చేరింది. 2024 జులైలో ప్రభుత్వం 1,375 చికిత్సల ధరలను సవరించి, 163 కొత్త చికిత్సలను చేర్చింది. అట్లా 1,835 అయింది.

మొదటి జాబితా 163తో మొదలవడం, పదిహేడేళ్ల తర్వాత కొత్తగా చేరినవీ 163 కావడం కాకతాళీయమే. కాకతాళీయం కాని పోలిక వేరే ఉంది. 2007లో ఏం చేర్చాలో సహాయ నిధి దరఖాస్తులు చెప్పాయి. 2024లోనూ జనం ఏయే చికిత్సల కోసం సహాయ నిధి తలుపు తడుతున్నారో అధికారులు చూసుకున్నారు. అంటే జాబితాకు అసలైన సమాచారం మొదట్నుంచీ ఎమ్మెల్యేల క్యాంపు ఆఫీసుల గుండానే ప్రవహిస్తోంది. ఆ సమాచారం సచివాలయానికి వెళ్తుంది, ఉత్తర్వుగా తిరిగొస్తుంది. మధ్యలో ఉన్న శాసనసభ మెట్లు మాత్రం ఎక్కదు.

ఇంకో సంగతి. పదేళ్లపాటు ధరలు కదలకపోతే ఆసుపత్రులు ఏం చేస్తాయో చెప్పడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. గిట్టుబాటు కాని చికిత్సకు "బెడ్లు ఖాళీ లేవు" అన్న మాట వినిపిస్తుంది. జాబితాలో పేరు అట్లాగే ఉంటుంది, గోడ మీద బోర్డూ ఉంటుంది. రోగికి మాత్రం ఆ చికిత్స లేనట్టే. ధరల సవరణకు ఒక గడువు ఉండాలని ఏ చట్టమూ చెప్పలేదు కాబట్టే అంతకాలం ఎవరూ జవాబు చెప్పాల్సి రాలేదు.

ఒక్క మాటతో పాములు విడిపోయాయి

జాబితా అంటే జబ్బుల పేర్ల వరుస అనుకుంటే పొరపాటు. ప్రతి చికిత్సకు ఒక కోడ్, ఒక ధర, ఆసుపత్రిలో ఉంచాల్సిన రోజులు, అనుమతి కోసం పంపాల్సిన స్కాన్లు, రిపోర్టులు, షరతులు ఉంటాయి. ఆసుపత్రిలో పథకం తరఫున ఉండే ఆరోగ్యమిత్ర కంప్యూటర్లో వివరాలు ఎక్కించి ముందస్తు అనుమతి అడిగేది ఈ షరతుల ప్రకారమే. ఒక్క మాట అటూ ఇటూ అయితే ఎవరు లోపలికి వస్తారో, ఎవరు బయట ఉండిపోతారో మారిపోతుంది.

పాముకాటునే తీసుకుందాం. గరిడేపల్లి సాగర్ ఎడమ కాల్వ కింది ఊరు. వరి పొలాలు, రాత్రిపూట మోటర్ వేయడానికో నీళ్లు మళ్లించడానికో గట్ల మీద నడక, చెప్పుల్లేని కాళ్లు. దేశంలో 2000 నుంచి 2019 మధ్య ఏటా సగటున 58 వేల మంది పాముకాటుతో చనిపోయారని 2020లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం అంచనా వేసింది. మరణాలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రాంతం కూడా ఉంది.

ఆరోగ్యశ్రీ తొలి జాబితాల్లో పాముకాటుకు చోటుంది. కానీ పక్కనే ఒక షరతు: వెంటిలేటర్ అవసరమైన పాముకాటు. నాగుపామో కట్లపామో కరిస్తే విషం నరాల మీద పనిచేసి ఊపిరి ఆగుతుంది, వెంటిలేటర్ కావాలి. రక్తపింజరి తీరు వేరు. దాని విషానికి రక్తం గడ్డకట్టే గుణం పోతుంది, కిడ్నీలు దెబ్బతింటాయి. ఆ రోగికి వెంటిలేటర్ కన్నా డయాలసిస్ అవసరం కావచ్చు. అతను పాముకాటు పద్దులో కాకుండా కిడ్నీల పద్దులో తన చికిత్సను వెతుక్కోవాలి. ఒకే పొలం, ఒకే గట్టు, కరిచిన పాము వేరైతే చికిత్సకు తలుపు వేరు.

ఆ మాట రాసినవాళ్లను తప్పుపట్టనక్కర్లేదు. 2007లో డబ్బు కొద్ది, ఇంటిని ముంచేసేది వెంటిలేటర్ ఖర్చు, దానికి ముందు రక్షణ ఇద్దామనుకుని ఉంటారు. విరుగుడు మందు ఎలాగూ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఇవ్వాల్సిందే అన్న లెక్కా అందులో ఉంది. ఆ లెక్క సరైనదా కాదా అన్నది ఒక నిర్ణయం. కాల్వ కింది నియోజకవర్గాల సభ్యులు ఆ షరతును ఒక్కసారి చదివి ఉంటే, "మా దగ్గర రక్తపింజర్లు కూడా ఉన్నాయి" అని ఎవరో ఒకరు లేచి చెప్పి ఉండేవారు. చదివే అవకాశమే వాళ్లకు రాలేదు.

ఏది ప్రైవేటులో చేయాలి, ఏది ప్రభుత్వాసుపత్రికే వదలాలి అన్నదీ ఇలాంటి నిర్ణయమే. ఉమ్మడి రాష్ట్రంలోనే 133 చికిత్సలను ప్రభుత్వాసుపత్రులకు పరిమితం చేశారు. అవసరం లేకున్నా గర్భసంచులు తీసేస్తున్నారన్న ఆందోళన అప్పట్లో గట్టిగా వినిపించింది. ప్యాకేజీ ఉంది కాబట్టి ఆపరేషన్ జరిగిపోయే పరిస్థితికి అది అడ్డుకట్ట. మరి ఊరికి దగ్గరలోని ప్రభుత్వాసుపత్రిలో సర్జనో, మత్తు డాక్టరో లేకపోతే ఆ అడ్డుకట్ట నిజంగా అవసరమున్న మనిషికీ అడ్డమవుతుంది. ఇంత బరువైన తూకాన్ని ఒక ఉత్తర్వు మోస్తోంది.

బియ్యానికి చట్టం, వైద్యానికి జీవో

2025 మార్చి 30న, ఉగాది రోజున, గరిడేపల్లికి కూతవేటు దూరంలోని హుజూర్‌నగర్‌లో ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి రేషన్ దుకాణాల ద్వారా సన్న బియ్యం పంపిణీని ప్రారంభించారు. గరిడేపల్లి మండలం హుజూర్‌నగర్ నియోజకవర్గంలోదే. ఇక్కడి ఎమ్మెల్యే ఉత్తమ్‌కుమార్‌రెడ్డే రాష్ట్ర పౌరసరఫరాల మంత్రి కూడా. అదే ఏడాది జులై 14న కొత్త రేషన్ కార్డుల పంపిణీ కూడా సూర్యాపేట జిల్లాలోని తిరుమలగిరిలోనే మొదలైంది.

ఆ కార్డు పట్టుకున్న మనిషికి బియ్యం విషయంలో ఒక బలం ఉంది. జాతీయ ఆహార భద్రత చట్టం 2013లో పార్లమెంటు ఆమోదించింది. మనిషికి నెలకు 5 కిలోలు అన్న అంకె ఆ చట్టంలోనే ఉంది. తెలంగాణ దానికి మరో కిలో కలిపి 6 కిలోలు ఇస్తోంది. ధాన్యం ఇవ్వలేకపోతే భృతి చెల్లించాలని ఒక సెక్షన్ ఉంది. ఫిర్యాదు ఎవరికి చేయాలో ఉంది. సామాజిక తనిఖీ జరపాలని ఉంది. ప్రభుత్వం మారినా ఆ 5 కిలోలను 4 చేయాలంటే పార్లమెంటుకు వెళ్లాలి.

అదే కార్డు చూపించి ఆసుపత్రిలో చేరిన మనిషికి ఇలాంటి బలమేదీ లేదు. ఆరోగ్యశ్రీని నడిపేది ఒక ట్రస్టు, దాన్ని కదిలించేవి ప్రభుత్వ ఉత్తర్వులు. 2023 డిసెంబరు 9న పరిమితిని 10 లక్షల రూపాయలకు పెంచుతూ కొత్త ప్రభుత్వం పథకాన్ని మళ్లీ ప్రారంభించింది. వేదిక శాసనసభ ప్రాంగణమే. మహిళలకు ఉచిత బస్సు ప్రయాణమూ అదే రోజు, అక్కడే. ప్రాంగణం దాకా వచ్చిన పథకం సభ లోపలికి బిల్లుగా వెళ్లలేదు.

10 లక్షలన్న అంకెకు పోస్టర్ మీద అందం ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో అదే అంకె 25 లక్షలు, అక్కడి జాబితాలో 3,257 చికిత్సలు. రాష్ట్రాల మధ్య పోటీ అంతా పరిమితి మీదే సాగుతోంది. నిజానికి ఒక కుటుంబానికి ఏడాదిలో 10 లక్షల వైద్యం అవసరపడటం అరుదు. జాబితాలో లేని జబ్బు వచ్చినవాడికి పరిమితి 10 లక్షలైనా, 25 లక్షలైనా ఒకటే. వాడి చేతికి వచ్చేది సున్నా.

చట్టంలో ఒక వాక్యం ఉంటే ఏమవుతుందో తెలియాలంటే కోదాడ, సూర్యాపేటల మీదుగా పోయే 65వ నంబరు జాతీయ రహదారిని చూస్తే చాలు. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణతో 162వ సెక్షన్ కొత్త రూపం తీసుకుంది. రోడ్డు ప్రమాదంలో గాయపడినవారికి మొదటి గంటలో నగదు లేకుండా వైద్యం అందించే పథకం తయారు చేయాలని అది కేంద్రాన్ని ఆదేశించింది. కేంద్రం ఏళ్లు గడిపింది. సుప్రీంకోర్టు 2025 జనవరిలో ఆ సెక్షన్‌నే చూపించి గడువు పెట్టింది. మే నెలలో పథకం వచ్చింది. బాధితుడికి ఏడు రోజుల వరకు లక్షన్నర రూపాయల చికిత్స. కోర్టు చేతికి చిక్కింది చట్టంలోని ఆ ఒక్క వాక్యం. ఆరోగ్యశ్రీ విషయంలో అలా పట్టుకుని అడగడానికి పిడి లేదు.

ఈ లోటు ఎప్పుడు బయటపడుతుందంటే బకాయిలు పేరుకున్నప్పుడు. 2025లో జనవరిలోనూ, మళ్లీ సెప్టెంబరులోనూ నెట్‌వర్క్ ఆసుపత్రులు ఆరోగ్యశ్రీ సేవలు ఆపేశాయి. సెప్టెంబరులో నెలకు 100 కోట్ల రూపాయల చొప్పున విడుదల చేస్తామని ప్రభుత్వం హామీ ఇచ్చాక విరమించాయి. చర్చల బల్ల దగ్గర ఒకవైపు ప్రభుత్వం, ఒకవైపు ఆసుపత్రుల సంఘం. రోగి తరఫున కూర్చోవాల్సిన కుర్చీ ఎవరిదన్న ప్రశ్నే ఎవరూ వేయలేదు.

గీత ఎవరు గీయాలి

శాసనసభ్యులు డాక్టర్లు కారు, జాబితా వాళ్ల చేతికిస్తే ఎవరికి నచ్చింది వారు చేర్చి పథకాన్ని దివాలా తీయిస్తారు అన్న అభ్యంతరం తేలిగ్గా కొట్టేయదగ్గది కాదు. పెద్ద ఆసుపత్రుల ఒత్తిడి ఉంటుంది. ఖరీదైన పరికరాలు అమ్మే కంపెనీల ఒత్తిడి ఉంటుంది. ఈ చిక్కును ఇతరులు ఎలా విప్పుకున్నారో చూడాలి.

అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రం 1987లో పేదల వైద్య పథకం నుంచి కొన్ని అవయవ మార్పిడులకు డబ్బు ఆపేసింది. చట్టసభ బడ్జెట్ సర్దుబాటులో తీసుకున్న నిర్ణయం అది, పెద్దగా ఎవరి దృష్టిలోనూ పడలేదు. ఆ ఏడాది చివర్లో రక్త క్యాన్సర్‌తో ఉన్న ఏడేళ్ల పిల్లవాడు, కుటుంబం చందాలు పోగుచేస్తుండగానే చనిపోయాడు. రాష్ట్రం ఉలిక్కిపడింది. స్వయంగా ఎమర్జెన్సీ డాక్టరైన జాన్ కిట్జాబర్ అప్పుడు అక్కడి సెనేట్ అధ్యక్షుడు. ఆయన చొరవతో 1989లో చట్టం వచ్చింది. వైద్యులు, పౌరులతో కూడిన కమిషన్ జబ్బులనూ చికిత్సలనూ ప్రాధాన్యం వారీగా వరుస పెడుతుంది, ఊరూరా జనం మాట వింటుంది. చట్టసభ ఆ వరుసను మార్చకూడదు. ఎన్నో నంబరు దాకా డబ్బు ఇవ్వగలమో అక్కడ గీత గీయడమే దాని పని.

మొదటి ప్రయత్నం నవ్వులపాలైంది. 1990 నాటి ముసాయిదాలో పంటికి తొడుగు వేయడం అపెండిక్స్ ఆపరేషన్ కన్నా పైన వచ్చింది. ఖర్చు లెక్కల్ని గుడ్డిగా నమ్మిన ఫలితమది. అయితే ఆ తప్పు అందరి కళ్లముందూ జరిగింది కాబట్టి అందరూ కలిసి దిద్దగలిగారు. 1994 ఫిబ్రవరిలో పథకం మొదలయ్యేనాటికి వరుసలో 696 అంశాలు, గీత 565 దగ్గర. గీత కింద ఏముందో, ఎందుకుందో రాష్ట్రంలో ఎవరైనా చదువుకోవచ్చు.

తెలుగువాళ్లు పెద్దసంఖ్యలో ఉండే కాలిఫోర్నియా ఇంకో దారి పట్టింది. ఏదైనా చికిత్సను బీమాలో తప్పనిసరి చేయాలని ఎవరైనా సభ్యుడు బిల్లు పెడితే, అది ఎంత మేలు చేస్తుంది, ఎంత ఖర్చు పెంచుతుంది అని చట్టసభకు విశ్లేషించి చెప్పే బృందం 2002 చట్టంతో ఏర్పడింది. దాన్ని నడిపేది కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, గడువు 60 రోజులు. 2025లో అక్కడి చట్టసభ ప్రామాణిక ప్యాకేజీని తిరగరాస్తూ వినికిడి యంత్రాలు, చక్రాల కుర్చీల వంటి ఉపకరణాలు, సంతానలేమి చికిత్సలను 2027 నుంచి చేర్చేలా నిర్ణయించింది.

మనకు మరింత దగ్గర పోలిక థాయ్‌లాండ్. 2002లో చట్టం చేసి జనాభా అంతటికీ వైద్య రక్షణ ఇచ్చింది. ఏటా జనం అభిప్రాయాలు వినాలన్న నియమం ఆ చట్టంలోనే ఉంది. మొదట్లో డయాలసిస్ లేదు. ఖర్చుకు తగ్గ ఫలం రాదని అధ్యయనాలు చెప్పాయి. కానీ కిడ్నీ జబ్బు వచ్చిన ఇళ్లు అప్పుల్లో మునిగిపోతున్నాయని రోగుల సంఘాలు పట్టుబట్టాయి. 2008లో ఇంటి దగ్గరే పొట్ట ద్వారా చేసుకునే డయాలసిస్‌కు మొదటి చోటిస్తూ ప్యాకేజీలో చేర్చారు. లెక్క తెలిసే, దాన్ని పక్కనపెట్టారు. అది రాజకీయ నిర్ణయం, బాహాటంగా తీసుకున్నది.

చట్టం చేసినంత మాత్రాన పని అయిపోదని చెప్పడానికి రాజస్థాన్ ఉంది. దేశంలో మొదటి ఆరోగ్య హక్కు చట్టాన్ని అక్కడి శాసనసభ 2023 మార్చి 21న ఆమోదించింది. ప్రైవేటు డాక్టర్లు రోడ్డెక్కారు, ప్రభుత్వం దిగొచ్చి ఒప్పందం చేసుకుంది, ఆ తర్వాత అమలు నియమాలు రాక చట్టం అక్కడే నిలిచిపోయింది. హక్కు అన్న పెద్ద మాటతో మొదలుపెట్టి, ఎవరికి ఎంత చెల్లిస్తారన్న చిన్న మాటను వదిలేస్తే జరిగేది అదే.

సభ అడగాల్సినవి

తెలంగాణ శాసనసభలో ఆరోగ్యశ్రీ మాట వినిపించదని కాదు. బకాయిల మీద ప్రశ్నలు వస్తాయి, పద్దుల చర్చలో విమర్శలు వస్తాయి. సూర్యాపేటకు ప్రతిపక్ష ఎమ్మెల్యే, హుజూర్‌నగర్, కోదాడ, మిర్యాలగూడలకు అధికారపక్ష ఎమ్మెల్యేలు. పార్టీలు వేరైనా క్యాంపు ఆఫీసుకు వచ్చే బిల్లుల కట్టలు ఒకే తీరువి. అందువల్ల ఇది పార్టీల పంచాయితీగా మారాల్సిన పనిలేదు. కావాల్సింది ఒక చిన్న చట్టం, అందులో నాలుగు ఏర్పాట్లు.

మొదటిది, జాబితాకు గడువు. రెండేళ్లకో మూడేళ్లకో ఒకసారి చికిత్సల జాబితాను, ధరలను, షరతులతో సహా సభ ముందు పెట్టాలి. ధరలు పదేళ్లు నిద్రపోయే అవకాశం అప్పుడుండదు.

రెండోది, వరుస పెట్టేవాళ్లు వేరు, గీత గీసేవాళ్లు వేరు. నిమ్స్, ఉస్మానియా, గాంధీ డాక్టర్లు, జిల్లా ఆసుపత్రుల వైద్యులు, రోగుల ప్రతినిధులతో ఒక కమిటీ చేర్పులు, తీసివేతలు ప్రతిపాదించాలి. చికిత్సల ఖర్చును, ఫలితాన్ని తూచే సంస్థను కేంద్రం 2017లోనే ఆరోగ్య పరిశోధన శాఖ కింద ఏర్పాటు చేసింది. దాని సాయం తీసుకోవచ్చు. సభ్యులు విడివిడిగా చికిత్సలను లాగడం, తోయడం కుదరదు. బడ్జెట్ ఎంత, అది ఎంతవరకు సరిపోతుంది అన్నది సభ తేల్చాలి.

మూడోది, ఒక స్థాయీ సంఘం. కేరళలో 1980 నుంచే శాఖలవారీ సబ్జెక్ట్ కమిటీలున్నాయి. పార్లమెంటులో ఇలాంటివి 1993 నుంచి పనిచేస్తున్నాయి. అధికారులను, ఆసుపత్రులను, రోగులను పిలిచి అడిగే చోటు అది. గలాటాల మధ్య రెండు నిమిషాల మైకు దొరికే సభాగృహంలో పాముకాటు షరతు గురించి ఎవరూ మాట్లాడలేరు, కమిటీ గదిలో మాట్లాడగలరు.

నాలుగోది, లెక్క. ఆయుష్మాన్ భారత్ మీద కాగ్ 2023 ఆగస్టులో పార్లమెంటుకు ఇచ్చిన నివేదికలో దాదాపు ఏడున్నర లక్షల మంది లబ్ధిదారులు ఒకే ఒక్క ఫోన్ నంబరుకు, అదీ తొమ్మిది అంకె పదిసార్లు వేసిన నంబరుకు జతపడి ఉన్నట్టు తేలింది. ఎవరో ఒకరు కూర్చుని లెక్క చూస్తే ఏమేం బయటపడతాయో చెప్పే ఉదాహరణ ఇది. ఆరోగ్యశ్రీలో ఏ జిల్లాలో ఏ చికిత్స ఎన్నిసార్లు జరిగింది, అనుమతి నిరాకరించినవి ఎన్ని, ఎందుకు, ఆసుపత్రికి డబ్బు ఎన్ని రోజులకు చేరింది అన్న నాలుగు పట్టికలు ఏటా సభకు రావాలి.

వీటన్నిటి తర్వాత కూడా ఒక పెద్ద ప్రశ్న మిగిలే ఉంటుంది. జనం జేబులోంచి పోయే వైద్యం ఖర్చు దేశంలో 2013-14లో మొత్తం ఆరోగ్య వ్యయంలో 64.2 శాతం, 2021-22 నాటికి 39.4 శాతానికి తగ్గింది. తగ్గినా చిన్న మొత్తం కాదు. బీపీ, షుగర్ మాత్రలు, రక్తపరీక్షలు, డాక్టరు ఫీజు, ఆటో కిరాయి ఇందులో పెద్ద భాగం. ఆసుపత్రిలో పడుకుంటే తప్ప తెరుచుకోని ఆరోగ్యశ్రీ తలుపు వీటికి తెరుచుకోదు. వెయ్యి రూపాయలు దాటిన చికిత్సకల్లా రక్షణ ఇస్తామంటూ ఆంధ్రప్రదేశ్ 2020 జనవరిలో పశ్చిమగోదావరిలో ప్రయోగం మొదలుపెట్టింది. అది కూడా చేరిన రోగికే. షుగరును మొదట్లో పట్టించుకుంటే తప్పే డయాలసిస్‌ను, పట్టించుకోకుండా వదిలేసి చివర్లో ప్యాకేజీ కింద చేయడం ఖజానాకైనా లాభమా? ఈ ప్రశ్నను ధరల పట్టికలు చూసే అధికారి వేయలేడు, అది అతని పని కాదు. పాలకపక్షం, ప్రతిపక్షం రెండూ కూర్చున్న చోట మాత్రమే అడగదగ్గ ప్రశ్న.

సహాయ నిధి దారిలోనూ మరకలున్నాయి. చేయని వైద్యానికి బిల్లులు సృష్టించి నిధి నుంచి డబ్బు లాగారన్న ఆరోపణలపై 2024లో సీఐడీ పలు ప్రైవేటు ఆసుపత్రుల మీద కేసులు పెట్టింది. ఆ ఏడాది జులై నుంచి దరఖాస్తులు కాగితాల మీద కాకుండా ఆన్‌లైన్‌లోనే తీసుకుంటున్నారు. ప్రజాప్రతినిధి సిఫార్సు లేఖ, ఆసుపత్రి బిల్లులు, రోగి బ్యాంకు ఖాతా నంబరు అన్నీ కంప్యూటర్లోకి ఎక్కుతున్నాయి. చెక్కు మీద ఖాతా నంబరు కూడా ముద్రిస్తున్నారు, ఇంకొకరు మార్చుకోకుండా.

గరిడేపల్లి నుంచి వెళ్లిన దరఖాస్తులోనూ, సిర్పూర్ నుంచి వెళ్లినదాంట్లోనూ ఏ జబ్బుకు ఎక్కడ ఎంత ఖర్చయిందో ఇప్పుడు అక్షరాల్లో నమోదై ఉంది. ఒక ఏడాది దరఖాస్తులను జబ్బువారీగా కూడితే 1,835లో లేనివి ఏవో, ఉండీ అందనివి ఏవో తేలిపోతాయి. 119 మంది సభ్యుల్లో ఏ ఒక్కరు అడిగినా ఆ పట్టిక సభ బల్ల మీదికి రావాలి. సహాయ నిధి విభాగం ఉన్న సచివాలయం నుంచి శాసనసభకు ట్రాఫిక్ లేకుంటే కారులో పది నిమిషాలు.